ఐదో పేరు

వైజయంతి మేడానికి పేర్ల దగ్గర గొంతు ఆగిపోతోంది.

పన్నెండేళ్లుగా మా చానెల్లో మధ్యాహ్నం పన్నెండు గంటల వార్తలు ఆవిడే చదువుతారు. మొహానికి మాస్కు పెట్టుకుని రైతుబజార్లో వంకాయలు బేరమాడినా గొంతు పట్టి గుర్తుపట్టేస్తారు జనం. అలాంటి మనిషి, ఎక్కడైనా ప్రమాదం జరిగి పోయినవాళ్ల పేర్లు చదవాల్సి వస్తే చాలు, మొదటి పేరు ముందు ఆగిపోతున్నారు. నోరు తెరుచుకుంటుంది, మాట రాదు. రెండు సెకన్లు, మూడు సెకన్లు. టీవీలో మూడు సెకన్లంటే మాటలు కాదండీ, ఇళ్లల్లో జనం రిమోట్ వెతుక్కుంటారు.

మొన్న మంగళవారమైతే ఐదు సెకన్లు. ఎండీ గారు పిలిచి మర్యాదగానే చెప్పారు.

"శుక్రవారం దాకా చూద్దామమ్మా. కుదరకపోతే వంటల ప్రోగ్రాం ఉందిగా, అది చేద్దువుగాని."

వంటల ప్రోగ్రామట! ఆవిడ ఇంట్లో చారు కూడా వాళ్లాయనే పెడతాడు. వార్తలు చదవడం తప్ప ఆవిడకి ఇంకో పని తెలీదు, ఇంకో పని మీద మనసూ లేదు.

నా పేరు అంకారావు. యాభై రెండేళ్లు. ప్రాంప్టర్ నడుపుతాను. కెమెరా ముందు అద్దం మీద అక్షరాలు పైకి జరుగుతుంటాయి, న్యూస్‌రీడర్లు మన కళ్లలోకి చూస్తున్నట్టు చదివేది వాటినే. ఆ అక్షరాలు ఎక్కించేదీ నేనే, జరిపేదీ నేనే. ఈ గొడవకి మొదలు కూడా నేనే. ఆ సంగతికి వస్తాను, తప్పించుకోను.

మూడు వారాల కిందట పల్నాడులో మిరపకోతకి పోయే కూలీల ఆటో బోల్తాపడింది. పోలీసులు రెండు లిస్టులిచ్చారు. పోయినవాళ్లు నలుగురు, గాయపడినవాళ్లు తొమ్మిదిమంది. మేడం "ఈ ప్రమాదంలో నలుగురు మృతి చెందారు" అని చదివి, మృతుల పేర్లంటూ ఐదు పేర్లు చదివారు. ఐదో పేరు బత్తుల యలమంద, నలభై రెండేళ్లు. ఆ మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. గాయపడినవాళ్లలో మొదటి పేరు అతనిది.

నలుగురని చెప్పి ఐదు పేర్లు చదివితే స్టూడియోలో అంతమందిమి ఉన్నాం, ఒక్కళ్లమూ గమనించలేదు. ఇరవై నిమిషాలకి ఆసుపత్రి దగ్గరున్న మా విలేకరి ఫోన్ చేసి మొత్తుకుంటే తెలిసింది. స్క్రీన్ కింద స్క్రోలింగ్‌లో సవరణ వేసి సాయంత్రం దాకా తిప్పాం. మామూలుగా అయితే పది నిమిషాలు తిప్పి తీసేస్తారు.

"నా తప్పేముంది? అద్దం మీద ఉన్నదే చదివాను," అన్నారు మేడం మీటింగులో. అందరూ తలూపారు. మెమో నాకిచ్చారు.

మెమో నాకొచ్చింది, గొంతు మాత్రం ఆవిడకి పట్టేసింది. ఆ రోజు నుంచీ మేడం నాతో మాట్లాడటం మానేశారు. నాకూ ఒళ్లు మండింది, నేనూ మాట్లాడలేదు.

బుధవారం వార్తలయ్యాక ఆవిడే నా దగ్గరికి వచ్చారు. "అంకారావు గారూ, కాస్త కారు నడుపుతారా? మా గురువుగారింటికి వెళ్లాలి. నడపడం ఇవాళ నావల్ల కాదు."

ఇంకేం కోపం? తాళాలు తీసుకున్నాను.

ఆ గురువుగారు షేక్ ఖాసింబీ గారు. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేవారు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు, కాలవగట్టు దగ్గర మేడ మీద రెండు గదుల్లో ఒక్కరే ఉంటారు. మేడం ఇరవై ఒకటో ఏట వార్తలు చదవడం నేర్చుకుంది ఆవిడ దగ్గరే. మొదటి నెలంతా కూరగాయల ధరలే చదివించారట. "టమాటా ధర పెరిగిందని నవ్వుతూ చదువుతావేంటమ్మాయ్, నీకేమన్నా తోటుందా?" అని ఒకసారి ఇంటికి పంపేశారట కూడా. దారిలో మేడం ఇవన్నీ చెప్పారు. మూడు వారాల తర్వాత ఆవిడ నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

మేం వెళ్లేసరికి పెద్దావిడ కిటికీ పక్కన కూచుని బియ్యం ఏరుకుంటున్నారు. మా ఇద్దరికీ టీ పెట్టిచ్చారు. మేడం గబగబా మొత్తం చెప్పేసి, "ఏదన్నా ఊపిరి కసరత్తు చెప్పండి గురువుగారూ. శుక్రవారంలోగా గొంతు దారికి రావాలి," అన్నారు.

"ఆ రోజు చదివింది ఫోన్లో ఉందా?"

ఉంది. పెట్టారు. పెద్దావిడ కళ్లు మూసుకుని విన్నారు.

"ఎంతమంది పోయారన్నావు?"

"నలుగురండీ."

"ఎన్ని పేర్లు చదివావు?"

మేడం ఫోన్ బోర్లించారు. "అద్దం మీద అలాగే ఉంది గురువుగారూ," అన్నారు మెల్లిగా.

"అద్దం మీద ఉంది, సరే. నువ్వెక్కడున్నావు?"

పెద్దావిడ నా వైపు తిరిగారు. "నువ్వెవరు నాయనా?"

"డ్రైవర్నండీ," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

"డ్రైవర్‌వైతే మొహం అలా మాడిపోయిందేం?"

ఇక దాచలేకపోయాను. "ప్రాంప్టర్ నాదేనండీ. పేర్లు ఎక్కించేటప్పుడు 'గాయపడినవారు' అన్న హెడ్డింగ్ ఒక లైను కిందికి పడింది. దాంతో అతని పేరు పైవాళ్లలో కలిసిపోయింది. ఆ టైములో నేను టీ తాగుతున్నాను. సరిచూసుకోలేదు."

మెమోకి జవాబు రాసినప్పుడు ఈ టీ సంగతి నేను రాయలేదు. మేడం నా వంక తిరిగి చూశారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. నా చేతిలో ఉన్న కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కింద పెట్టాను.

పెద్దావిడ లేచి లోపలి గదిలోకి వెళ్లి ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చారు. అందులో ఎర్ర కాగితంలో చుట్టిన డజను గాజులున్నాయి. ఆకుపచ్చ మట్టిగాజులు, రెండున్నర సైజు. మేడం ముందు పెట్టి, బోసిగా ఉన్న కుడిచెయ్యి చాపారు.

"ఇవి నాకు వెయ్యి."

"ఇప్పుడా గురువుగారూ?"

"వెయ్యమ్మా."

మేడం ఒక గాజు తీసుకుని తోశారు. ముసలి చెయ్యి, కణుపులు ఉబ్బి ఉన్నాయి. గాజు అక్కడ ఆగింది. ఇంకాస్త తోశారు. టప్పున విరిగింది. పెద్దావిడ చేతి మీద గీసుకుని రక్తం చుక్క కనిపించింది.

"అయ్యయ్యో!"

"ఏం కాలేదు. ఇంకోటి."

రెండోదీ విరిగింది. మేడం మొహం ఏడుపుకొచ్చింది. పెద్దావిడ మాత్రం చెయ్యి అలాగే చాపుకుని కూచున్నారు.

"గాజు వంకే చూస్తున్నావు. అదెక్కడికి పోతుంది? చెయ్యి చూడు."

మేడం మూడో గాజుని ఒళ్లో పెట్టుకుని, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. వేళ్లు ఒక్కొక్కటే తడిమారు. బొటనవేలి మొదట్లో నొక్కి, "ఇక్కడ నొప్పా?" అన్నారు.

"ఆఁ, అక్కడే. చలికాలం మరీనూ."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లయింది."

బొటనవేలిని నెమ్మదిగా లోపలికి మడిచి, కణుపులు ఒకదాని పక్కన ఒకటి చేర్చి పట్టుకున్నారు. పెద్దావిడ ఊపిరి వదిలినప్పుడు గాజు ఎక్కింది.

పెద్దావిడ చెయ్యి ఎత్తి చూసుకున్నారు. "మా నాన్న భుజాన గాజుల మలారం వేసుకుని పల్నాడంతా తిరిగి అమ్మాడు," అన్నారు. "ఆయనకి మొహాలు గుర్తుండేవి కావు. చెయ్యి పట్టుకుంటే చెప్పేవాడు, నువ్వు ఫలానావాళ్ల కోడలివి కదూ అని. నేను మైకు ముందు చప్పుడొస్తుందని గాజులు తీసేశాను. తీసేసినదాన్ని మళ్లీ వేసుకోలేదు." గాజుని ఒకసారి తిప్పి అడిగారు. "ఆ యలమందకి పెళ్లాం ఉందా?"

"ఉందనుకుంటానండీ. పేరు తెలీదు."

"తెలుసుకో. మిగిలినవి ఆ పిల్లకి వేసిరా."

"మరి నా గొంతు గురువుగారూ?"

"వేసిరా ముందు." డబ్బా మూతపెట్టి నా చేతిలో పెట్టారు. "ఇది నువ్వు మొయ్యి నాయనా. జాగ్రత్త."

మర్నాడు గురువారం. వార్తల్లో చావుకబుర్లు లేవు, దేవుడి దయ. బులెటిన్ అవగానే ఇద్దరం బయల్దేరాం. గతుకుల రోడ్డు. నేను డబ్బాని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని నడిపాను. గేరు మార్చినప్పుడల్లా ప్రాణం గిలగిల్లాడింది.

యలమంద ఇల్లు ఊరి చివర కాలనీలో ఉంది. అతను వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు, కాలికి సిమెంటు కట్టు. మేడాన్ని చూడగానే లేవబోయాడు. "టీవీ అమ్మగారు! ఒసే, టీవీ అమ్మగారొచ్చారే! నా పేరు టీవీలో వచ్చిందంటండీ, ఊరంతా చూశారు, నేనే చూళ్లేకపోయా."

వాళ్లావిడ నేల మీద కూచుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. లేవలేదు. నవ్వలేదు. ఆవిడ చేతులు చూశాను. రెండు మణికట్లూ బోసిగా ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద గీతల్లాగా మానిన గాట్లున్నాయి. ఖాసింబీ గారికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలీదు. గాజులాయన కూతురు కాబట్టి తెలిసుండాలి.

ముందు నేను చెప్పేశాను యలమందతో. "తప్పు నాది తమ్ముడూ. నేను టీ తాగుతూ పేర్లు ఎక్కించాను. నీ పేరు పైకి పోయింది."

"టీ తాగుతూనా?" అతను పగలబడి నవ్వాడు. "నేనూ ఆ పొద్దున టీకి ఆగుంటే ఆ ఆటో ఎక్కేవాణ్ణే కాదన్నా!"

నవ్విన మనిషి వెంటనే గోడ వైపు తిరిగిపోయాడు. ఆ ఆటోలో చనిపోయినవాళ్లందరూ ఆ పొద్దున అతనితో కోతకి బయల్దేరినవాళ్లే.

మేడం ఆవిడ ఎదురుగా నేల మీద కూచున్నారు. "మీకు చాలా కష్టం కలిగించాను. సవరణ వేశామమ్మా, సాయంత్రం దాకా కింద..."

"కింద ఏయో అచ్చరాలు పోయినయ్యి," అంది ఆవిడ తొడిమలు తీస్తూనే. "నాకు చదువు రాదు. నువ్వు నోటితో చెప్పింది విన్నా. నోటితో మళ్లీ చెప్పలేదుగా."

మేడం తల దించుకున్నారు.

"సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందాకా నాకు మొగుడు లేడు. చేతులు నేలకేసి కొట్టుకున్నా. ఈదంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు గాజులాయన ఇంటి ముందుకొచ్చినా ఏసుకోబుద్ధి కాదు. ఏసుకున్నాక మళ్లీ ఎవరో ఒకరు పోయాడంటారేమోనని భయం."

"మూడు వారాల్నించి నేనే చెప్తన్నా, ఉన్నానే అని!" అన్నాడు యలమంద.

"నువ్వు చెప్తే? నీ మాట టీవీలో రాలేదుగా."

మేడం చెయ్యి చాపారు. "అక్కా, మీ పేరేంటి?"

"సామ్రాజ్యం."

"సామ్రాజ్యం అక్కా, చెయ్యి ఇస్తారా?"

నేను డబ్బా తెరిచాను. ఒక్కటి కూడా విరగలేదు. సామ్రాజ్యం గాజుల వంక చాలాసేపు చూసింది.

"మిరపకాయల చెయ్యి. మండిద్ది."

"మండనివ్వండి."

మేడం ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. అరచేతిలో కాయలు, గోళ్ల చుట్టూ ఎరుపు. తొందరపడలేదు. మణికట్టు మీది గాట్లను బొటనవేలితో తడిమారు, ఒక్కొక్కటీ. గాజు తీసుకోబోతే సామ్రాజ్యం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ రోజు చదివావుగా, మా ఆయన పేరు. మళ్లీ చదువు. అప్పుడు ఏయించుకుంటా."

మేడం నోరు తెరిచారు. మాట రాలేదు. నాకు అలవాటు కదా, లోపల సెకన్లు లెక్కపెడుతున్నాను. ఐదు. ఎనిమిది. పన్నెండు. భగవంతుడా, ఇక్కడ కూడా ఆగిపోయిందా అనుకున్నాను. మేడం మళ్లీ చెయ్యి చాపి సామ్రాజ్యం చెయ్యి అందుకున్నారు. దాని వంకే చూస్తూ అన్నారు.

"బత్తుల యలమంద. నలభై రెండేళ్లు. బతికి ఉన్నారు."

"గట్టిగా. పక్కిళ్లవాళ్లకి ఇనపడాల. ఆ రోజు వాళ్లూ ఉన్నారు."

అప్పటికే గోడ మీంచి నలుగురైదుగురు ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు. మేడం తలెత్తి, వార్తలు చదివే గొంతుతో, వీధి మొత్తానికీ వినపడేలా చెప్పారు.

"బత్తుల యలమంద. నలభై రెండేళ్లు. బతికి ఉన్నారు!"

"ఉన్నానండీ!" అని మంచం మీంచి చెయ్యెత్తాడు యలమంద, బళ్లో హాజరు పలికినట్టు. గోడవతల ఆడవాళ్లు గొల్లున నవ్వారు. సామ్రాజ్యం నవ్వలేదు. ఏడ్చింది. మూడు వారాలుగా ఆపుకున్నదంతా ఏడ్చింది. మేడం ఆ చెయ్యి వదల్లేదు.

గాజులు వేస్తుండగా సామ్రాజ్యం అడిగింది. "మిగిలిన నలుగురి పేర్లు గుర్తున్నయ్యా నీకు?"

మేడం అడ్డంగా తలూపారు. అప్పుడు నాకు తట్టింది, నాకూ గుర్తులేవు.

"నేను చెప్తా," అంది సామ్రాజ్యం. దాసరి శౌరమ్మ, కోత కోస్తూ పాటలు పాడేది, ఆమె సాలు పక్కనే ఉండాలని అందరూ పోట్లాడుకునేవాళ్లు. కుంభా ఏసోబు, ఆ పొద్దునే కూతురికి పుస్తకాల సంచి కొనిస్తానని మాటిచ్చి వెళ్లాడు. షేక్ నాగూర్బీ, రెండు వీధుల అవతల ఇల్లు. తమ్మిశెట్టి పున్నయ్య, పని దొరక్క ఆ ఒక్కరోజుకే వచ్చాడు. ఒక్కో పేరూ మేడం మెల్లిగా తిరిగి పలికారు, పలికి గాజు ఎక్కించారు.

డజనులో రెండు విరిగి, ఒకటి గురువుగారి చేతికి పోగా తొమ్మిది మిగిలాయి. నాలుగూ నాలుగూ సామ్రాజ్యానికి. మిగిలిన ఒక్కటీ సామ్రాజ్యం తీసుకుని మేడం చేతికి తొడిగింది. నొప్పి కూడా తెలియకుండా ఎక్కించింది.

మేడం కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని కెవ్వుమన్నారు.

"మండిద్దని చెప్పానా! తుడుచుకోమాక! నీళ్లు, నీళ్లు తేండే!" అని సామ్రాజ్యం పరుగెత్తింది. ఆ చేతులకి గాజులు గలగలమన్నాయి.

శుక్రవారం వచ్చింది. పదకొండు గంటలకి కబురు. ఒక ఊళ్లో గోడౌను గోడ కూలింది. నేను టీ ముట్టలేదు. హెడ్డింగులు మూడుసార్లు సరిచూశాను. పన్నెండుకి పావుగంట ముందు మేడం నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"ఎంతమంది, అంకారావు గారూ?"

"ఆరుగురు మేడం."

"ఎవరెవరు?"

ఇద్దరం కలిసి చదువుకున్నాం. అక్కడి విలేకరికి ఫోన్ చేసి ఒక్కొక్కళ్ల గురించీ అడిగారు. ఆయన కంగారుపడ్డాడు, ఇన్నేళ్లలో తననెవరూ అలా అడగలేదట.

లైవ్ మొదలైంది. ఎండీ గారు కూడా వచ్చి స్టూడియో పక్కన అద్దాల గదిలో నిలబడ్డారు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి మేడం ఆగారు. ఒక్క సెకను. బల్ల మీద ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నారు. చదివారు. ఒక పేరు, వయసు, ఊరు. తర్వాత ఇంకో పేరు. ఇన్నాళ్లూ నేను జరిపినంత వేగంగా ఆవిడ చదివేవారు. ఆ రోజు ఆవిడ ఎక్కడుంటే అక్కడ నేను ఆపి పెట్టుకున్నాను. ఆకుపచ్చ గాజు బల్లకి తగిలి చిన్నగా మోగింది. సౌండ్ ఇంజినీరు నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆరు పేర్లయ్యాక ఇయర్‌ఫోన్లో ప్రొడ్యూసర్ గొంతు. "పద్దెనిమిది సెకన్లు ఎక్కువైంది!" అద్దాల గదిలో ఎండీ గారు మాత్రం ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయారు. వంటల ప్రోగ్రాం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మేడం బయటికి వచ్చి నా బల్ల దగ్గర కుర్చీలో కూలబడ్డారో లేదో ఫోన్ మోగింది. ఖాసింబీ గారు. మేడం నాకూ వినపడేలా స్పీకర్లో పెట్టారు.

"విన్నానమ్మాయ్."

"ఎలా ఉంది గురువుగారూ?"

అటువైపు కాలవ మీద పడవ మోటారు చప్పుడు వినిపించింది.

"ఒక్కటైనా విరిగిందా?"

మేడం చేతికున్న గాజు వంక చూసుకున్నారు.

"లేదు గురువుగారూ."

"అయితే పో, అన్నం తిను," అని పెట్టేశారు.